కొండ మీది రేడియో అందరినీ వింటుంది, చిక్కంతా అక్కడే

కొండ మీద పెట్టిన రేడియో చుట్టుపక్కల ఊళ్లన్నిటినీ వింటుంది. ఆ ఊళ్లవాళ్లు మాత్రం ఒకరినొకరు వినలేరు. హ్యామ్ రేడియో క్లబ్బులు నలభై ఏళ్లకు పైగా కడుతూ వస్తున్న ప్యాకెట్ నెట్‌వర్క్‌లు ఎందుకు లేచాయి, ఎందుకు పడ్డాయి, కొన్నిచోట్ల మళ్లీ ఎందుకు లేస్తున్నాయి అంటే జవాబు చాలావరకు ఇక్కడే దొరుకుతుంది. ఇంటర్నెట్ వచ్చి ప్యాకెట్ రేడియోని మింగేసిందని ఎక్కువమంది అంటారు. అది నిజమే, కానీ సగం నిజం. ఇంటర్నెట్ రాకముందే దానికి లోపల ఒక జబ్బు ఉంది.

ముందు ప్యాకెట్ రేడియో సంగతి చూద్దాం. హ్యామ్ అంటే ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై, లైసెన్సూ, రేడియోలో తన గుర్తుగా సొంత కాల్‌సైనూ తెచ్చుకుని, వ్యాపారం కోసం కాకుండా నేర్చుకోవడానికి, ప్రయోగాలు చేయడానికి, ఆపద వేళ సాయపడటానికి రేడియో నడిపే మనిషి. హ్యామ్‌లు ఎక్కువగా మాట్లాడుకుంటారు, లేదా మోర్స్ కొడతారు. ప్యాకెట్‌లో మాత్రం వెళ్లేవి అక్షరాలు. కంప్యూటర్‌లో టైప్ చేసిన సందేశాన్ని ముక్కలు చేస్తారు. ప్రతి ముక్క మొదట్లో పంపినవాళ్ల కాల్‌సైన్, అందుకోవాల్సినవాళ్ల కాల్‌సైన్ ఉంటాయి. చివర్లో ఆ ముక్క చెడకుండా వచ్చిందో లేదో తేల్చే 16 బిట్ల లెక్క ఉంటుంది. కంప్యూటర్‌కీ రేడియోకీ మధ్య కూర్చుని ఈ పనంతా చేసే పెట్టెని టీఎన్‌సీ అంటారు. అది బిట్లను 1200, 2200 హెర్ట్జ్‌ల రెండు స్వరాలుగా మార్చి, సెకనుకు 1200 బిట్ల చొప్పున మామూలు ఎఫ్‌ఎం వాకీటాకీలోకి పంపుతుంది. బయట వినేవాళ్లకి అది 'బర్ర్' మని గీరినట్టు వినిపించి ఆగిపోతుంది.

సెకనుకు 1200 బిట్లు అంటే ఎంతో లెక్క వేసి చూస్తే గానీ తెలియదు. ఒక ముక్కలో మామూలుగా 256 బైట్ల వరకు పడతాయి. దాన్ని పంపడానికి 1.7 సెకన్లు. రేడియో వినడం ఆపి ప్రసారానికి మారి నిలదొక్కుకోవడానికి ఇంకో 0.3 సెకన్లు. మొత్తం రెండు సెకన్లు. ఇంగ్లిష్‌లో అయితే 256 అక్షరాలు వెళ్తాయి. మనకి అంత వెసులుబాటు లేదు, యూనికోడ్ తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు కావాలి. 'హైదరాబాద్' అని తెలుగులో రాస్తే గుణింతం గుర్తులూ పొల్లూ కలిపి తొమ్మిది సంకేతాలు, 27 బైట్లు. రోమన్ లిపిలో అదే ఊరికి తొమ్మిది బైట్లు చాలు. సన్నటి దారిలో ఇలాంటివన్నీ బరువే.

ఈ ఆలోచన హ్యామ్‌లది కాదు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలుపుతూ అలోహానెట్ నడిపింది. దాని పద్ధతి చాలా సులువు. పంపాల్సింది ఉంటే పంపెయ్. అవతలి నుంచి 'అందింది' అని జవాబు రాకపోతే కాసేపాగి మళ్లీ పంపు. ఎవరికి తోచినప్పుడు వాళ్లు పంపితే ముక్కలు ఢీకొంటాయి కాబట్టి, ఛానెల్ సామర్థ్యంలో ఎంత బాగా నడిచినా 18 శాతానికి మించి పనికిరాదని గణితం తేల్చింది. మిగతాదంతా గుద్దుకోవడానికీ ఖాళీగా ఉండటానికీ పోతుంది. ఈ 18 శాతం ముందు ముందు మళ్లీ ఎదురవుతుంది.

హ్యామ్‌లలో దీన్ని ముందుగా అందుకున్నది కెనడావాళ్లు. 1978లో మాంట్రియల్ హ్యామ్‌లు ప్యాకెట్ ప్రయోగాలు మొదలుపెట్టారు. ఆ తర్వాత వాంకూవర్‌లో ఒక బృందం టీఎన్‌సీ బోర్డు తయారుచేసింది. అమెరికాలో 1980 మార్చిలో అనుమతి వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో హ్యాంక్ మాగ్నుస్కీ మొదటి డిజిపీటర్ పెట్టాడు. డిజిపీటర్ అంటే విన్న ముక్కని అదే ఫ్రీక్వెన్సీ మీద మళ్లీ పలికే పెట్టె. తర్వాత అరిజోనాలోని టూసాన్ నగరంలో ట్యాపర్ అనే సంఘం పుట్టి, ఇంట్లో టంకం వేసుకుని కట్టుకోగలిగే టీఎన్‌సీ కిట్లు అమ్మింది. 1984లో ఏఎక్స్.25 అనే ఉమ్మడి నియమావళిని అమెరికా హ్యామ్‌ల జాతీయ సంఘం అచ్చు వేయడంతో ఎవరు కట్టిన పెట్టె అయినా ఎవరి పెట్టెతోనైనా మాట్లాడే రోజులొచ్చాయి. ఇది కంపెనీలు కట్టి అమ్మిన నెట్‌వర్క్ కాదు. చందాలు వేసుకుని, సెలవు రోజుల్లో టవర్లెక్కి కట్టుకున్నది.

ఇక కొండ దగ్గరికి వద్దాం. రెండు మీటర్ల బ్యాండ్‌లో, అంటే 144 మెగాహెర్ట్జ్ దగ్గర, రేడియో తరంగం దాదాపు చూపు ఆనినంత దూరమే వెళ్తుంది. ఇద్దరి యాంటెన్నాలూ పది మీటర్ల ఎత్తులో ఉంటే అడ్డేమీ లేని చోట 26 కిలోమీటర్ల దాకా అందుతుంది. ఒక వైపు యాంటెన్నా 300 మీటర్ల కొండ మీద ఉంటే అది 84 కిలోమీటర్లవుతుంది. అందుకే ఏ క్లబ్బు అయినా ముందు కొండ వెతుక్కుంటుంది. అక్కడ ఒక డిజిపీటర్ పెడితే ఒక్క దెబ్బకి నాలుగు జిల్లాలు కలుస్తాయి.

ఏఎక్స్.25లో పంపే ముందు వినాలన్న నియమం ఉంది. ఛానెల్ మీద ఎవరైనా పలుకుతుంటే ఆగాలి. అందరూ అందరినీ వినగలిగితే ఇది చక్కగా పనిచేస్తుంది, అలోహా పద్ధతి కన్నా ఎంతో మెరుగు. కానీ కొండకి ఈవల ఎనభై కిలోమీటర్ల దూరంలో ఒకరు, ఆవల అంతే దూరంలో ఇంకొకరు ఉన్నారనుకోండి. ఇద్దరూ వింటారు. ఇద్దరికీ నిశ్శబ్దమే వినిపిస్తుంది. ఇద్దరూ ఒకేసారి పంపుతారు. వంటింట్లో ఉన్న అమ్మని వీధి అరుగు మీద నుంచి ఒకరు, పెరట్లోంచి ఒకరు ఒకేసారి పిలిస్తే ఆవిడకి ఇద్దరి మాటా అర్థం కాదు. పిలిచినవాళ్లకి మాత్రం తప్పేం జరిగిందో తెలియదు. దీన్నే హిడెన్ టెర్మినల్ సమస్య అంటారు. ఇది ముదిరితే 'విని పంపు' నియమం ఉన్నా లేనట్టే. నెట్‌వర్క్ మళ్లీ ఆ 18 శాతం వైపు జారిపోతుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే విషయం ఇది. కొండ ఎంత మంచిదైతే రోగం అంత ముదురుతుంది. ఎత్తు పెరిగే కొద్దీ ఎక్కువమంది ఆ పెట్టెకి వినిపిస్తారు, ఒకరికొకరు వినిపించనివాళ్ల సంఖ్య అంతకన్నా వేగంగా పెరుగుతుంది. క్లబ్బు కష్టపడి, డబ్బు పోగేసి, మంచి చోటు సంపాదించి, కొత్త సభ్యులను చేర్చుకున్న కొద్దీ నెట్‌వర్క్ నత్తనడకకి దిగుతుంది. ఎవరూ ఏ తప్పూ చేయలేదు, ఏ పరికరమూ చెడిపోలేదు. 1980ల చివర్లో ఎంతమంది హ్యామ్‌లు 'ఇది పనిచేయదు' అని విసిగి వదిలేశారో తలుచుకుంటే బాధగా ఉంటుంది. వాళ్లు చూసింది ప్యాకెట్ రేడియో పరిమితి కాదు, దాన్ని అమర్చిన పద్ధతి పరిమితి.

డిజిపీటర్లను గొలుసుగా వాడితే ఇంకో దెబ్బ. ఒక ముక్క మూడు డిజిపీటర్ల మీదుగా వెళ్లాలంటే నాలుగు అంగలు వేయాలి. ఒక్కో అంగ నూటికి తొంభైసార్లు సరిగ్గా పడుతుందనుకుందాం. నాలుగూ సరిగ్గా పడేది నూటికి 66 సార్లు. 'అందింది' అనే జవాబు కూడా నాలుగు అంగలు వెనక్కి రావాలి. రెండూ కుదిరేది 43 సార్లే. డిజిపీటర్‌కి జ్ఞాపకం లేదు. ఆఖరి అంగలో ముక్క పోయినా బయల్దేరిన చోటు నుంచే మళ్లీ మొదలు. పైగా అందరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉండటంతో ఒక ముక్క గాలిలో నాలుగుసార్లు చోటు ఆక్రమిస్తుంది.

దీనికి మందు 1987లో నెట్‌రామ్ అనే సాఫ్ట్‌వేర్ రూపంలో వచ్చింది. టీఎన్‌సీ లోపలి చిప్ మార్చి దీన్ని ఎక్కిస్తే అది నోడ్ అవుతుంది. నోడ్ ముక్కని అందుకుని 'నాకు అందింది' అని వెనక్కి చెప్పేస్తుంది, ఆ తర్వాత ముందుకు పంపే బాధ్యత తనదే. మూడో అంగలో పోతే ఆ అంగే మళ్లీ. పక్క నోడ్‌లు ఎవరో, వాళ్ల ద్వారా ఎక్కడెక్కడికి పోవచ్చో అవి ఒకదానికొకటి చెప్పుకుంటూ దారుల పట్టిక తయారుచేసుకుంటాయి. ఇదంతా మంచి మార్పే. కానీ చాలాచోట్ల ఈ నోడ్‌లన్నిటినీ మళ్లీ పాత 145.01 మెగాహెర్ట్జ్ మీదే పెట్టారు. వాడుకరులూ నోడ్‌లూ ఒకే ఛానెల్ మీద కొట్లాడుకున్నారు. కొండలూ అవే, ఒకరికొకరు వినిపించని ఊళ్లూ అవే.

సరిగ్గా ఆలోచించినవాళ్లు లేకపోలేదు. టెక్సస్ ప్యాకెట్ రేడియో సొసైటీ తన టెక్స్‌నెట్‌లో వాడుకరులకి రెండు మీటర్ల బ్యాండ్‌లో 1200 వేగం ఇచ్చి, నోడ్‌ల మధ్య రాకపోకలకి 70 సెంటీమీటర్ల బ్యాండ్‌లో 9600 వేగంతో వేరే దారి వేసింది. న్యూయార్క్, న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో నీడా అనే సంఘం ఇంకో అడుగు ముందుకు వేసి, నోడ్‌ల మధ్య ప్రతి లింక్‌కీ దాని ఫ్రీక్వెన్సీ దానికే ఉండాలని పట్టుబట్టింది. ఇక సిద్ధాంతం వైపు చూస్తే, హ్యామ్‌ల కోసం టీసీపీ-ఐపీ (ఇంటర్నెట్ నడిచే నియమాలు) సాఫ్ట్‌వేర్ రాసిన ఫిల్ కార్న్ 1990లో ఒక పరిష్కారం రాశాడు. పెద్ద ముక్క పంపే ముందు 'పంపనా' అని చిన్న ముక్క పంపాలి, అవతలివాళ్లు 'పంపు' అనాలి. ఆ 'పంపు' విన్న మిగతావాళ్లందరూ ఆగాలి. ఈ ఆలోచనే తర్వాత వైఫై ప్రమాణంలోకి వెళ్లింది. మన ఇళ్లలో రౌటర్ వాడుతున్న తెలివిలో కొంత హ్యామ్‌ల ఈ తలనొప్పిలోంచే వచ్చింది.

1990ల మధ్యకల్లా ఇళ్లకి ఇంటర్నెట్ వచ్చేసింది. ప్యాకెట్ బులెటిన్ బోర్డుల్లో, అంటే ఉత్తరాలు దాచి చేరవేసే కంప్యూటర్లలో, ఉత్తరాలు ఊరి నుంచి ఊరికి, రాత్రి పూట ఛానెల్ ఖాళీగా ఉన్నప్పుడు, రోజుల తరబడి ప్రయాణించేవి. ఈమెయిల్ క్షణంలో పోతుంటే వాటి కోసం ఎదురుచూసేదెవరు? అంతకన్నా నష్టం చేసింది ఇంకోటి ఉందని నా నమ్మకం. ఎక్కడైనా రెండు నోడ్‌ల మధ్య రేడియో లింక్ చెడిపోతే, టవరెక్కి బాగుచేసే బదులు ఆ దారిని ఇంటర్నెట్ మీదుగా కలిపేయడం అలవాటైంది. పట్టికలో నెట్‌వర్క్ పెద్దగా కనిపించేది, వందల నోడ్‌లుండేవి. రేడియో దారులు మాత్రం ఒక్కొక్కటే మాయమయ్యాయి. తుఫానుకి ఇంటర్నెట్ పోతే ఆ నెట్‌వర్క్ కూడా దానితోపాటే పోతుంది. అలాంటప్పుడు దాన్ని నిలబెట్టుకోవడం ఎందుకన్న ప్రశ్న వస్తుంది, రావాలి కూడా.

ఈ ప్రశ్నకి సూటిగా జవాబిచ్చిన వాళ్లు నార్త్ కరోలినాలోని రాలీ చుట్టుపక్కల హ్యామ్‌లు. వాళ్ల నెట్‌వర్క్ పేరు టార్పన్. నీడా రోజుల పాఠాలను తిరిగి పట్టుకుని, వాళ్లు రెండు నియమాలు పెట్టుకున్నారు. ఒకటి, నెట్‌వర్క్‌లోని లింక్ ఏదీ ఇంటర్నెట్ మీదుగా పోకూడదు. రెండు, ఒక లింక్‌లో రెండే స్టేషన్లు, ఆ ఫ్రీక్వెన్సీ మీద చుట్టుపక్కల ఇంకెవరూ ఉండకూడదు. ఇద్దరే ఉన్నచోట, ఆ ఇద్దరూ ఒకరినొకరు వింటున్నచోట, కనబడని మూడోమనిషి ఉండడు. 'విని పంపు' నియమం మళ్లీ నిజంగా పనిచేస్తుంది. కొండ అక్కర్లేదు. పది, ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇళ్లను ఇంటి యాంటెన్నాలతోనే గొలుసుగా కలుపుకుంటూ పోవచ్చు.

దగ్గర నుంచి చూస్తే అలాంటి నోడ్ ఇలా ఉంటుంది. గదిలో ఒక అర. దాని మీద అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్. అందులో ఒక బ్రిటిష్ హ్యామ్ ఏళ్ల తరబడి రాస్తూ వచ్చిన బీపీక్యూ నోడ్ సాఫ్ట్‌వేర్. పక్కన పొరుగు నోడ్‌లు ఎన్నో అన్ని రేడియోలు, అన్ని మోడెమ్‌లు. ముగ్గురు పొరుగువాళ్లుంటే మూడు రేడియోలు, మూడు యాంటెన్నాలు, మూడు కేబుళ్లు, కింద 12 వోల్టుల బ్యాటరీ. రేడియోలు చాలావరకు టాక్సీలూ కంపెనీలూ వాడి వదిలేసిన పాతవి. మోడెమ్ నైనో టీఎన్‌సీ అనే కిట్, సభ్యులు తామే టంకం వేసుకుంటారు. ఇందులో ఒక మేలైన సంగతి ఉంది. పాత ఏఎక్స్.25లో ముక్కలో ఒక్క బిట్ తప్పినా మొత్తం పారెయ్యాల్సిందే. ఈ మోడెమ్‌లో ఉన్న ఐఎల్2పీ పద్ధతి తప్పిన బిట్లను కొంతవరకు తానే సరిచేసుకుంటుంది. బలహీనమైన లింక్‌లు కూడా దీనితో వాడుకోదగ్గవి అవుతాయి.

మూడు రేడియోలు ఒకే ఇంట్లో ఉండటంలో ఒక చిక్కుంది. ఒకే బ్యాండ్‌లో ఒకటి ప్రసారం చేస్తుంటే పక్కదానికి చెవులు మూసుకుపోతాయి. అందుకే ఒక లింక్ రెండు మీటర్ల బ్యాండ్‌లో, ఇంకొకటి 70 సెంటీమీటర్లలో, మరొకటి ఆరు మీటర్లలో ఉండేలా చూసుకోవాలి. నా ఇంట్లో ఏ బ్యాండ్ ఖాళీ ఉందన్నది ఒక్కటే తెలిస్తే చాలదు. పొరుగు నోడ్‌లో ఏది ఖాళీ, దాని పొరుగు దాంట్లో ఏది ఖాళీ అన్నది చూసి అందరూ కలిసి పంచుకోవాలి. ఏ ఇద్దరికీ అడ్డు రాకుండా మ్యాపు మీద రంగులు వేసినట్టే పని. ఇక్కడే క్లబ్బు తప్పనిసరి అవుతుంది. పాత పద్ధతిలో అందరూ పంచుకున్నది ఒక ఛానెల్‌ని, భారం మాత్రం కొండ మీది పెట్టెని చూసుకునే ఒకరిద్దరిది. కొత్త పద్ధతిలో ఛానెల్ ఎవరిది వాళ్లది, భారం అందరిదీ. ప్రతి సభ్యుడి ఇల్లూ ఇంకెవరి సందేశానికో దారి. నేను ఊరెళ్తూ మెయిన్ స్విచ్ ఆపేస్తే అవతలి ఇద్దరి మధ్య దారి తెగుతుంది.

కాబట్టి క్లబ్బు పనిలో పెద్ద భాగం రేడియో పని కాదు. నోడ్ ఉన్న మనిషి ఇల్లు మారితే ఆ ఖాళీని ఎవరు పూరిస్తారో చూడాలి. అపార్ట్‌మెంట్ మీద యాంటెన్నా పెట్టడానికి అసోసియేషన్‌ని ఒప్పించాలి. కొత్తగా చేరినవాళ్ల ఇంటికి వెళ్లి పక్కన కూర్చుని కనెక్టర్ వేయడం నేర్పాలి. ఒక సభ్యుడు కన్నుమూస్తే ఆ ఇంటివాళ్లతో మాట్లాడి పరికరాలు భద్రంగా దించాలి. హ్యామ్‌లలో పెద్ద వయసువాళ్లే ఎక్కువ ఉన్న దేశాల్లో ఇది తరచూ వచ్చే పని. ఏ నియమావళిలోనూ రాయని ఈ పనులు ఆగిన రోజు లింక్‌లు ఆగుతాయి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 1981లోనే హ్యాంక్ మాగ్నుస్కీ హ్యామ్ ప్రయోగాల కోసమని 44తో మొదలయ్యే ఇంటర్నెట్ చిరునామాలన్నీ అడిగి తీసుకున్నాడు. దాదాపు 1.67 కోట్ల చిరునామాలు, ఐపీవీ4 అనే పాత పద్ధతిలో ఉన్న మొత్తం ఇంటర్నెట్ చిరునామాల్లో 256వ వంతు. అప్పట్లో వాటికి విలువే లేదు. తర్వాత ప్రపంచంలో చిరునామాలకి కరువొచ్చింది. 2019లో వాటి బాధ్యత చూస్తున్న ఏఆర్‌డీసీ అనే లాభాపేక్ష లేని సంస్థ వాటిలో నాలుగో వంతు, సుమారు 42 లక్షల చిరునామాలు, అమెజాన్‌కి అమ్మింది. పది కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. మమ్మల్ని అడగకుండా ఉమ్మడి ఆస్తి ఎలా అమ్ముతారని చాలామంది హ్యామ్‌లు కోప్పడ్డారు. ఆ కోపంలో న్యాయం ఉందనే అనుకుంటాను, ముందే అందరితో చర్చించి ఉండాల్సింది. కానీ ఆ సొమ్ము మూలనిధిగా మారి క్లబ్బులకీ విద్యార్థులకీ ఓపెన్ సోర్స్ పనులకీ గ్రాంట్లుగా వెళ్తోంది. 44తో మొదలయ్యే మిగిలిన చిరునామాల్లో కొన్నిటిని జర్మనీ, ఆస్ట్రియా హ్యామ్‌లు హామ్‌నెట్ అనే వేగవంతమైన మైక్రోవేవ్ నెట్‌వర్క్‌లో వాడుతున్నారు. అది 1200 బిట్ల లోకం కాదు, వీడియో కూడా పోయే దారి. అయినా ఒక మంచి గ్రాంట్ టవర్ కొనిపెట్టగలదే గానీ వర్షంలో దాని దగ్గరికి వెళ్లే మనిషిని కొనిపెట్టలేదు.

మన దగ్గరి పరిస్థితికి వస్తే, హైదరాబాద్‌లో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. లైసెన్సు కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం ఇస్తుంది. ప్యాకెట్‌కీ ఆంధ్రాకీ ఆకాశంలో కూడా ఒక బంధం ఉంది. 2019 ఏప్రిల్ 1న శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ45 రాకెట్ నాలుగో దశలో హ్యామ్‌ల ఉపగ్రహ సంఘం ఆమ్‌శాట్ ఇండియా తయారుచేసిన ఏపీఆర్‌ఎస్ డిజిపీటర్‌ని ఇస్రో మోసుకెళ్లింది. ఏపీఆర్‌ఎస్ అంటే ఇదే ఏఎక్స్.25 ముక్కల్లో స్థానమూ చిన్న సందేశాలూ పంపే పద్ధతి, అమెరికా హ్యామ్ బాబ్ బ్రునింగా రూపొందించాడు. వందల కిలోమీటర్ల ఎత్తున పెట్టిన డిజిపీటర్ అంటే అన్నిటికన్నా ఎత్తైన కొండ అన్నమాట. అందుకే అలాంటి చోట అందరూ ఒక్కో చిన్న ముక్క పంపి ఊరుకోవాలి, పెద్ద సంభాషణలకి అది చోటు కాదు.

నేల మీద నోడ్‌ల గొలుసు కట్టాలంటే మనకి కొన్ని పరిమితులున్నాయి. అమెరికాలో రెండు మీటర్ల బ్యాండ్ 144 నుంచి 148 మెగాహెర్ట్జ్ దాకా, మనకి 146 దాకానే. 70 సెంటీమీటర్లలో 434 నుంచి 438 దాకా. అమెరికావాళ్లకి ఉన్న 222 మెగాహెర్ట్జ్ బ్యాండ్ మనకి లేదు. అంటే ఒక్కో ఇంట్లో రెండు లింక్‌ల వరకు సులువు, మూడోదానికి మంచి ఫిల్టర్లైనా, యాంటెన్నాల మధ్య ఎక్కువ దూరమైనా కావాలి. సందేశాలను రహస్య సంకేతాల్లో పంపడానికి హ్యామ్ నియమాలు ఒప్పుకోవు. ఎవరైనా విని చదవొచ్చు. కాబట్టి తుఫాను శిబిరం నుంచి 'బియ్యం, నీళ్లు, డాక్టరు కావాలి' అని పంపడానికి ఇది చక్కగా సరిపోతుంది. రోగుల పేర్లు, జబ్బుల వివరాలు పంపే ముందు మాత్రం ఆలోచించుకోవాలి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖని కొట్టినప్పుడు కరెంటుతోపాటు ఫోన్లూ పోయాయి. అలాంటి రోజున పనికొచ్చే గొలుసుని ఆ రోజున కట్టలేం, మామూలు రోజుల్లో కబుర్లు చెప్పుకుంటూ నడిపితేనే అది బతికి ఉంటుంది. మొదలుపెట్టాలనుకునే క్లబ్బుకి నేను చెప్పేది ఇంతే. కొండ గురించి ఇప్పుడే ఆలోచించొద్దు. పదిహేను కిలోమీటర్ల లోపు ఉన్న రెండు ఇళ్లు చూసుకోండి, ఒక ఫ్రీక్వెన్సీ, రెండు రేడియోలు, రెండు బ్యాటరీలు. ఆ ఒక్క లింక్‌ని రాత్రింబగళ్లు నడపండి, రోజూ నాలుగు మాటలు రాసుకోండి. మూడో ఇంటికి వెళ్లే ముందు ఒక వానాకాలం గడవనివ్వండి. మన వానలకి ముందు దెబ్బతినేది రేడియో కాదు, డాబా మీది కనెక్టర్. నీళ్లు కేబుల్‌లోకి దిగితే సిగ్నల్ ఒక్కసారిగా పోదు, రోజురోజుకీ మళ్లీ పంపాల్సిన ముక్కలు పెరుగుతాయి. నోడ్ ఆ లెక్క చూపిస్తూనే ఉంటుంది. ఆ అంకె పెరగడం కనబడగానే నిచ్చెన వేసుకుని ఎక్కి, కనెక్టర్ విప్పి, ఆరబెట్టి, జిగురు టేపు కింది నుంచి పైకి చుట్టాలి.